మట్టి బాట మలుపులో కెమెరా

ఛాయాచిత్ర కళకూ పందెపు బాటకూ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. 1878 జూన్ నెలలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, పాలో ఆల్టో అనే చోట, ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఛాయాచిత్రకారుడు పరుగెత్తే గుర్రాన్ని పటాలలో పట్టి లోకానికి చూపించాడు. పరుగులో గుర్రం నాలుగు కాళ్లూ ఒక్కసారిగా నేలను విడుస్తాయా, విడువవా అన్నది ఆ రోజులలో పెద్ద తర్కం. కంటికి అందని సంగతి కనుక ఎవరి వాదం వారిది. ఆ రాష్ట్రానికి లోగడ గవర్నరుగా ఉండి, మేలుజాతి గుర్రాలను పెంచుతుండిన లీలాండ్ స్టాన్‌ఫర్డ్ ఇందుకు కావలసిన ధనం సమకూర్చాడు. గుర్రాలకు తరిఫీదు ఇచ్చే బాట ప్రక్కన మైబ్రిడ్జ్ పన్నెండు కెమెరాలను వరుసగా, మూరన్నర ఎడంలో నిలిపి, బాటకు అడ్డంగా దారాలు కట్టాడు. గుర్రం పరుగెత్తుతూ ఒక్కొక్క దారాన్నీ తెంచినప్పుడల్లా ఒక్కొక్క కెమెరా కన్ను తెరచి మూసుకొన్నది. నాలుగు కాళ్లూ గాలిలో ఉండే క్షణం నిజంగానే ఉన్నదని తేలినది. అయితే చిత్రకారులు శతాబ్దాల తరబడి వ్రాస్తూ వచ్చినట్లు కాళ్లు ముందుకూ వెనుకకూ చాచి ఉన్నప్పుడు కాదు, పొట్ట క్రిందికి ముడుచుకొని ఉన్నప్పుడు!

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. గుర్రం ఏ చోటికి వస్తుందో మైబ్రిడ్జ్ ముందే నిశ్చయించుకొన్నాడు. కెమెరా గుర్రం వెంట పరుగెత్తలేదు. గుర్రమే కెమెరా ఎదుటికి వచ్చినది. అప్పటికీ ఇప్పటికీ ఛాయాచిత్ర పరికరాలకు పోలికే లేదు. నేడు బడికి పోయే పిల్లవాని చేతిలోని ఫోనులో ఉన్న కెమెరాను చూస్తే ఆయన నివ్వెరపోయి ఉండేవాడు. అయినా పందెం చూడబోయిన ఔత్సాహికునికి మొదటి ప్రశ్న నేటికీ అదే: ఎక్కడ నిలబడాలి? నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడిని. మోటారు పందేలతో నీకేమి పని అని మిత్రులు హాస్యమాడుతూనే ఉన్నారు. నా కుమార్తె కుటుంబం అమెరికాలో అయోవా రాష్ట్రపు ముఖ్య పట్టణమైన డి మోయిన్‌లో ఉండడంచేత రెండు వేసవులు అక్కడి మట్టి బాట పందేలను కెమెరాతో చూచే అవకాశం కలిగినది. ఆ ప్రశ్నకు దొరికిన సమాధానాలనే ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా ఆ బాటల పుట్టుక కొంత తెలియాలి. అమెరికా మధ్య రాష్ట్రాలలో ప్రతి కౌంటీలోనూ, అంటే మన జిల్లా వంటి విభాగంలో, ఏటేటా ఒక జాతర జరగడం పూర్వాచారం. పశువుల ప్రదర్శన, పంటల ప్రదర్శన, పిండివంటల పోటీలు, వాటితోపాటు గుర్రప్పందేలు. ఆ గుర్రాలకోసం అరమైలు చుట్టుకొలత గల కోడిగ్రుడ్డు ఆకారపు మట్టి బాటలు వేసుకొన్నారు. ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో మోటారు కార్లు రాగానే, సిద్ధంగా ఉన్న ఆ బాటల మీదికే అవి ఎక్కినవి. 1903 జూన్ 20వ తేదీన బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ ఇండియానాపోలిస్‌లోని జాతర మైదానపు మట్టి బాట మీద ఒక మైలు దూరాన్ని 59.6 సెకండ్లలో చుట్టివచ్చి, నిమిషానికి మైలు అన్న వేగాన్ని అటువంటి బాట మీద దాటినవాడుగా పేరు పొందాడు. తారు, సిమెంటు బాటలు తరువాత ఎన్ని వచ్చినా మట్టి బాటలు అంతరించలేదు. శనివారం సాయంకాలం పొరుగూరివారంతా చేరి చూచే వేడుకగా నిలిచే ఉన్నవి.

వాటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది డి మోయిన్‌కు ఆగ్నేయంగా, కారులో గంటలోపు దూరంలో ఉన్న నాక్స్‌విల్ అనే చిన్న ఊరిలో, మారియన్ కౌంటీ జాతర మైదానంలో ఉన్నది. ఊరి జనాభా ఎనిమిది వేలకు లోపు. పందెపు మైదానంలో ఇరవై వేలమందికి పైగా కూర్చోవచ్చును! 1961 నుంచి ఆగస్టు నెలలో అక్కడ జరిగే జాతీయ పోటీలకు దేశం నలుమూలలనుంచీ జనం వస్తారు. పరుగెత్తేవి స్ప్రింట్ కార్లు. చూచినవారికి అవి కార్లలాగే కనిపించవు. నెత్తిమీద అయిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గల పెద్ద రేకు రెక్క. కుడి వెనుక చక్రం ఎడమదానికంటె పెద్దది. మనిషితో కలిపి బరువు సుమారు 650 కిలోలే కాని, ఇంజను శక్తి 900 గుర్రాలకు దగ్గర. వీటికి క్లచ్చి లేదు, గేరు పెట్టె లేదు, స్టార్టరు లేదు. వెనుకనుంచి ఒక లారీ వంటి బండి నెట్టితే తప్ప కదలవు. నెట్టించుకొని బయలుదేరిన కారే మరుక్షణం అరమైలు బాటను పదిహేను పదహారు సెకండ్లలో చుట్టివస్తుంది. అంటే గంటకు సుమారు 190 కిలోమీటర్లు. అదీ మట్టిమీద, ఎప్పుడూ ఎడమకే తిరుగుతూ.

క్రొత్తగా వచ్చినవాడు కెమెరా తీసుకొని సామాన్యంగా గెలుపు గీత ఎదుటికి పోతాడు. అక్కడ జెండా ఊపుతారు. అక్కడే పందెం ముగుస్తుంది. అందువల్ల అదే ముఖ్యమైన చోటని తోచడం సహజం. కాని ఆ గీత న్యాయనిర్ణేతలకు కావలసినది, ఛాయాచిత్రకారునికి కాదు. తిన్నని బాటలో కార్లన్నీ ఒకే తీరున పోతాయి. గెలిచిన కారుకూ ఓడిన కారుకూ అక్కడ ముందువెనుకలు తప్ప భేదం ఉండదు. పైగా వేగం మిక్కిలి ఎక్కువగా ఉండేదీ అక్కడే.

పందెం తేలేది మలుపులో. అక్కడ ఒక్కొక్క డ్రైవరుది ఒక్కొక్క దారి. ఒకడు లోపలి అంచును ఒరుసుకొంటూ పోతాడు, ఇంకొకడు బయటి గోడ ప్రక్కగా పోతాడు. స్ప్రింట్ కారు మలుపు తిరగడం మనం వీధిలో చూచే కారు తిరిగినట్లు కాదు. వెనుక చక్రాలు జారి తోక బయటికి పోతుంది. ముక్కు లోపలికి, ఎడమకు చూస్తుంది. ముందు చక్రాలను మాత్రం డ్రైవరు అందుకు విరుద్ధంగా కుడికి తిప్పి పట్టుకొంటాడు. ఎడమ ముందు చక్రం తరచు నేలనుంచి లేచిపోతుంది. కారు ఒక దిక్కు చూస్తూ మరొక దిక్కుకు పోతున్న ఈ అడ్డజారుడులోనే మట్టి బాట పందెపు అందమంతా ఉన్నది. ఎంత చేయితిరిగినవాడు తీసినా, తిన్నని బాటలోని కారు నిలిపి ఉంచిన కారువలెనే ఉంటుంది. ఎంత నేర్పు లేనివాడు తీసినా, మలుపులోని కారు పరుగెత్తుతున్నట్లే ఉంటుంది. ఇది కొంచెం పెంచి చెప్పిన మాటే కాని, చాలవరకు నిజం.

అమెరికా బాటలలో మలుపులకు సంఖ్యలు ఉంటాయి. ప్రేక్షకుల మెట్లు సాధారణంగా గెలుపు గీత ఉన్న తిన్నని భాగానికి ఎదురుగా కట్టి ఉంటాయి. అక్కడ కూర్చున్నవానికి కార్లు ఎడమనుంచి కుడికి పోతాయి. కుడిచేతి వైపు చివర మొదటి మలుపు, దాని ఆవల రెండవది. ఎడమచేతి వైపు నాలుగవ మలుపు, దాని ఆవల మూడవది. మెట్లమీద నడుమ చోటుకోసం అందరూ పోటీపడుతుంటే, ఛాయాచిత్రకారుడు నాలుగవ మలుపు వైపు కొసకు పోవడం మేలు. మలుపునుంచి బయటపడే కార్లు గుంపుగా, ఒకదాని ప్రక్క ఒకటి, అడ్డంగా జారుతూ తనవైపే వస్తాయి. ముందు చక్రాలు తనవైపు తిరిగి ఉంటాయి, వెనుక మట్టి తుంపర లేస్తుంది. మొదటి మలుపు కొస కూడ మంచిదే. అయితే అక్కడ వేరొక రసం: వేగంగా వచ్చిన కారు ఒక్కసారి తోక విసరి మలుపులోకి పడే క్షణం చిక్కుతుంది. ఆ తరువాత కనిపించేవన్నీ వీపులే.

మలుపు లోపలి వైపున, ఆ వంపుకు కేంద్రమైన చోట నిలబడగలిగితే ఇంకొక సౌలభ్యం ఉన్నది. రేఖాగణితం చదువుకొన్న విద్యార్థి వెంటనే చెప్పగలడు: వృత్త కేంద్రంనుంచి పరిధి మీది ప్రతి బిందువుకూ దూరం సమానమే కదా! ఒకసారి దూరం కుదిర్చిన కటకం మలుపు పొడుగునా కుదిరే ఉంటుంది. బయట నిలిచినవానికి ఆ దూరం క్షణక్షణానికీ మారుతుంది. కాని లోపలి మైదానం అనుమతి పొందిన పత్రికలవారికే కాని ప్రేక్షకులకు కాదు. ఆ నియమానికి గల కారణం ముందు చెబుతాను.

బాటకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచి చిత్రం వస్తుందన్న భ్రమ ఒకటి అందరికీ ఉన్నది. దీనిని లెక్క కట్టి చూడవచ్చును. మలుపులో కారు గంటకు 160 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకొందాం. సెకనుకు సుమారు 44 మీటర్లు. ఇరవై మీటర్ల దూరంలో నిలబడినవానికి అది ఎదురుగా దాటే సమయంలో కెమెరాను సెకనుకు దాదాపు 127 డిగ్రీల చొప్పున తిప్పవలసి వస్తుంది. అరవై మీటర్ల దూరంలో పై మెట్టు మీద ఉన్నవానికి 42 డిగ్రీలు చాలును. మొదటిది మనిషి నడుముకు అలవి కాని పని. మొదటి వేసవిలో నా ప్రక్కన కూర్చున్న వృద్ధుడు, చిన్నతనంనుంచీ అక్కడికి వస్తున్నవాడట, ముందు వరుసలో ఖాళీ దొరికినదని దిగబోతున్న నన్ను ఆపి, పైకి పొమ్మని వ్రేలితో చూపించాడు. కారణం చెప్పలేదు. పై మెట్టుకు పోయిన తరువాత రెండు కారణాలు తెలిసినవి. ఒకటి ఈ లెక్క. రెండవది, ముందు వరుసల ఎదుట ఉన్న ఇనుప వలకంచె. పైనుంచి చూస్తే చూపు కంచె మీదుగా పోతుంది. క్రిందినుంచి తీస్తే కెమెరా స్వయంగా దూరం కుదుర్చుకొనే తొందరలో కారును వదలి కంచె తీగలనే పట్టుకొంటుంది. పెద్ద కటకం ఉన్నవారు దాని ద్వారాన్ని పూర్తిగా తెరచి తీస్తే దగ్గరి తీగలు కరగిపోతాయి. ఫోనులోని చిన్న కటకానికి ఆ శక్తి లేదు.

చోటు కుదిరిన తరువాత షట్టరు వేగం. సెకనులో వెయ్యవ వంతు కాలం తెరిస్తే అంతా స్పష్టంగా పడుతుందని పుస్తకాలు చెబుతాయి. నిజమే. గంటకు 190 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఆ కాలంలో అయిదు సెంటీమీటర్లే కదులుతుంది. చక్రపు గాడులు కూడ లెక్కపెట్టవచ్చును. అందువల్లనే ఆ చిత్రంలో ప్రాణం ఉండదు. ఎదురుగా వచ్చే కారుకూ, గాలిలోకి ఎగసే మట్టికీ అది తగును. ప్రక్కగా పోయే కారుకు సెకనులో 125వ వంతు చాలును. ఆ వ్యవధిలో కారు మూరెడు దూరం పోతుంది కనుక, కెమెరాను కారుతోపాటు తిప్పుతూనే మీట నొక్కాలి. కారు నిలుస్తుంది, వెనుక ఉన్న ప్రపంచం గీతలై పారిపోతుంది. మీట నొక్కదలచిన చోటువైపు పాదాలు ఊనుకొని, నడుము మాత్రం వెనుకకు తిప్పి కారును అందుకొని, దానితోపాటు తిరగాలి. మీట నొక్కిన తరువాత కూడ తిరుగుతూనే ఉండాలి. చేల కావలివాడు వడిసెల విసరడం చూచినవారికి ఈ రహస్యం చెప్పనక్కరలేదు. రాయి వదలగానే వాని చేయి నిలిచిపోదు. మొదటి రోజున నూటికి పది చిత్రాలు దక్కితే సంతోషించవలసినదే.

మట్టిని గురించి ఇంకా చెప్పనేలేదు. నాక్స్‌విల్ మన్ను నల్లనిది, జిగటది. గుంటూరు, కర్నూలు సీమల రేగడి నేల ఎరిగినవాడు దానిని చూడగానే బంధువును చూచినట్లు పలకరిస్తాడు. తడిస్తే కాలికి అంటుకొని వదలదు, ఎండితే రాయి. పందేనికి ముందు ఆ బాటను పదునుకు తెచ్చే తీరు కర్షకుడు దుక్కికి ముందు నేలను పదును చూచుకొనే తీరుగానే ఉంటుంది. దున్నుతారు, నీరు చల్లుతారు, తరువాత బండ్లను మెల్లగా చుట్లు తిప్పి చక్రాలతో మన్నును అణగద్రొక్కుతారు. సాయంకాలం తొలి పరుగులలో నేల ఇంకా పచ్చిగా ఉంటుంది. చక్రాలు గట్టిగా పట్టుకొంటాయి, కార్లు తిన్నగా, అతివేగంగా పోతాయి, మట్టిపెళ్లలు ఎగిరిపడతాయి. కటకానికి అద్దపు మూత తప్పనిసరి. అప్పుడు దుమ్ము ఉండదు, జారుడూ తక్కువే. రెండు గంటలు గడిచేసరికి బాట స్వరూపమే మారిపోతుంది. కార్లు ఎక్కువగా పోయిన దారి ఎండి, నున్నగా, ఒరిపిడికి మెరుస్తూ కనిపిస్తుంది. అక్కడ పట్టు పోయినట్లే. అక్కడినుంచి చెదరిన వదులు మన్నంతా బయటికి కొట్టుకొనిపోయి గోడకు చేరువలో ఒక గట్టుగా ఏర్పడుతుంది. సాహసికులైన డ్రైవర్లు కుడి వెనుక చక్రాన్ని ఆ గట్టుకు ఆనించి, దాని ఊతతో మలుపు తిరుగుతారు. గట్టు దాటితే గోడ. గట్టు దిగితే జారుడు నేల. జానెడు తేడా.

కనుక మంచి చోటు రాత్రి పొడుగునా ఒక్కటే కాదు. నేలను చదువుతూ ఉండాలి. తొలి పరుగులలో మలుపు ప్రవేశం బాగుంటుంది. మన్ను ఎగరడం అక్కడే. చివరి పెద్ద పందెం నాటికి గట్టు ఏ మలుపులో ఎత్తుగా కట్టినదో చూచి అటువైపు తిరగాలి. గట్టును తాకిన చక్రంనుంచి లేచే మట్టి విసనకర్రలాగా విచ్చుకొంటుంది. ఇది తెలిసినవాడు తన ముందునుంచి పోతున్న మొదటి కారును తీయడు, పైదారిన పోయే మూడవ కారుకోసం కాచుకొంటాడు. నాక్స్‌విల్‌లో పాత కాపులు కొందరు పందెం మొదలు కాకముందే కంచె దగ్గరకు పోయి నేలవంక చాలసేపు చూస్తూ నిలబడడం గమనించాను. డ్రైవర్లూ అంతే. వారికి అది బ్రతుకుతెరువు, మనకు చిత్రం. చూచేది మాత్రం ఒకే మట్టి.

మన ఊళ్లలో సంక్రాంతికీ, తిరునాళ్లకూ జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలకూ ఈ మాట వర్తిస్తుంది. అక్కడ వేగం లేదు, బలం ఉన్నది. అయినా కొలత ముగిసే చోట గుమిగూడిన జనంలో దూరడంకంటె, బండ మొదట కదిలే చోట, ఎడ్ల ముఖాలకు ఏటవాలుగా, కాస్త ఎడంగా నిలబడినవానికే మంచి చిత్రం దొరుకుతుంది. నేలలో దిగబడే గిట్టలు, బిగిసిన మెడలు, అదిలించేవారి ముఖాలు ఒకే చూపులో ఇముడుతాయి.

వెలుతురు సంగతి కొంచెం. జూన్ నెలలో అయోవాలో సూర్యుడు అస్తమించేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాటుతుంది. పందేలు మొదలయ్యే వేళకు ఎండ వాలుగా ఉంటుంది. సూర్యుని వెనుకపెట్టుకొని తీయవలెనన్న చిన్ననాటి పాఠాన్ని ఆ అరగంటసేపు మరచిపోవచ్చును. ఎదురెండలో లేచిన దుమ్ము బంగారు పొడిలాగా వెలుగుతుంది, కారు నల్లని ఆకారంగా దానినుంచి బయటపడుతుంది. చీకటి పడి దీపాలు వెలిగిన తరువాత షట్టరు వేగం తగ్గించక తప్పదు. మెట్ల మీదనుంచి ఫ్లాష్ వెలిగించడం వ్యర్థం. దాని వెలుగు కొద్ది మీటర్లే పోతుంది, ఎదురుగా వచ్చే డ్రైవరు కంటికి మాత్రం అది ముల్లు.

ఇక్కడ ఒక ఫ్రెంచి యువకుని ప్రసక్తి తేక తప్పదు. జాక్ హెన్రీ లార్టీగ్ 1894లో జన్మించాడు. బాల్యంనుంచీ కెమెరాతో ఆడుకొన్నవాడు, దానిని వృత్తిగా చేసుకొననివాడు. ఇరవై యేండ్లు నిండకముందే, మొదటి ప్రపంచయుద్ధానికి పూర్వం, ఫ్రాన్సులో జరిగిన ఒక మోటారు పందెంలో దూసుకొనిపోతున్న కారును తీశాడు. కెమెరాను కారు వెంట త్రిప్పాడు, కాని కారు వేగాన్ని అందుకోలేకపోయాడు. కారు ముందు భాగం పటంలో పడనేలేదు. ఆ కెమెరా షట్టరు ఒక చీలిక ఉన్న తెర. అది జరుగుతూ పటాన్ని అంచులవారీగా వెలిగిస్తుంది. ఆ జరిగే కాలంలో కారు ముందుకు పోవడంచేత చక్రం ముందుకు వాలిన అండాకారమైనది. కెమెరా తిరగడంచేత దారి ప్రక్కన నిలిచిన మనుషులు, స్తంభాలు వెనుకకు వాలిపోయారు. లెక్కప్రకారం అన్నీ తప్పులే. కాని వేగమంటే ఏమిటో ఆ ఒక్క చిత్రం చెప్పినట్లు మరొకటి చెప్పలేదు. ఆయన చిత్రాలు 1963లో న్యూయార్కు ఆధునిక కళా ప్రదర్శనశాలలో ప్రదర్శించేవరకు లోకానికి తెలియనే తెలియవు. అప్పటికి ఆయనకు దాదాపు డెబ్బది యేండ్లు. మన ఫోను కెమెరాలు కూడ పటాన్ని వరుస తరువాత వరుసగానే చదువుతాయి. వేగంగా త్రిప్పుతూ తీసిన చిత్రంలో కంచె స్తంభాలు ఒరిగి కనిపిస్తే ఫోను చెడిపోయినదనుకొని చెరిపివేయనక్కరలేదు సుమా!

బాట ప్రక్కన దొరకని మంచి చోటు ఒకటి బాట వెనుక ఉన్నది. కార్లను సిద్ధం చేసే ఆవరణలోకి చాలా మట్టి బాటలలో టిక్కెట్టు కొని పోవచ్చును. కొన్నిచోట్ల పందెం ముగిసిన తరువాత అందరినీ రానిస్తారు. అక్కడ ఎవరూ పరుగెత్తడం లేదు. స్థానిక డ్రైవర్లలో అధికులు వారమంతా వేరే పనులు చేసుకొనేవారే. తండ్రి కారు విప్పుతుంటే కొడుకు పనిముట్లు అందిస్తాడు. ఇల్లాలు రేకు రెక్కకు అంటుకొన్న మట్టిని గీకుతుంది. డ్రైవరు శిరస్త్రాణపు అద్దంమీద పారదర్శకమైన పొరలు ఒకదానిమీద ఒకటి అంటించి ఉంటాయి. మట్టి కప్పినప్పుడల్లా ఒక్కొక్క పొర పీకి పారవేస్తూ నడుపుతాడు. శిరస్త్రాణం తీసినప్పుడు కళ్లచుట్టూ తెలుపు, క్రింద అంతా మట్టి. అడిగితే కాదనరు. అడగడం మాత్రం మరువకూడదు. నేను తెచ్చుకొన్న చిత్రాలలో ఇంటివారు ఆగి చూచేవి కార్లవి కావు, ఇక్కడివే.

లోపలి మైదానానికి ప్రేక్షకులను ఎందుకు పోనివ్వరో చెబుతానన్నాను. జారుడు నేలమీద 900 గుర్రాల శక్తి చేయి తప్పితే కారు ఏ దిక్కుకు పోతుందో చెప్పగలవారు లేరు. కారు దొర్లినప్పుడు చక్రాలు, ఇనుప ముక్కలు చాలా దూరం ఎగిరిపడతాయి. ఈ కార్ల ఇంధనం మెథనాల్. అది మండేటప్పుడు పగటి వెలుతురులో మంట కంటికి ఇంచుమించు కనిపించదు. కటకంలోనుంచి చూచేవానికి ఇంకొక ప్రమాదం ఉన్నది: వాడు చూచేది ప్రపంచంలో ఒక చిన్న చట్రం మాత్రమే. తాను తీసే కారు కాక దాని వెనుకది అదుపు తప్పినప్పుడు వానికి కనిపించదు. పందెపు బాటల ప్రక్కన ఛాయాచిత్రకారులు ప్రాణాలు పోగొట్టుకొన్న సందర్భాలు ఉన్నవి. లోపల పనిచేసే వృత్తివారు కూడ మలుపు బయటి అంచున, కార్లు జారిపోయే దారిలో నిలబడరు. ఒక కన్ను ఎప్పుడూ చట్రం బయటనే ఉంచుకొంటారు. కావలివాడు చూడనప్పుడు గోడ ఎక్కి తెచ్చుకొన్న చిత్రం ఎంత గొప్పదైనా నేను దానిని మెచ్చుకోలేను. మన విద్యార్థులు రైలుపట్టాల మీదా, జలపాతాల అంచునా ఫోను పట్టుకొని చేసే సాహసాలు పత్రికలలో చదువుతూ ఈ మాట వ్రాయకుండా ఉండలేకపోతున్నాను.

ప్రమాదాన్నే చిత్రించవచ్చునా అన్నది ఇంకా చిక్కు ప్రశ్న. రెండవ వేసవిలో ఒక రాత్రి రెండవ మలుపులో ఒక కారు మూడు పల్టీలు కొట్టి తలక్రిందుగా పడినది. నా చుట్టూ ఉన్న కెమెరాలన్నీ మోగినవి. తరువాత ఒక నిమిషం పైగా మైదానమంతా నిశ్శబ్దం. డ్రైవరు తనంతట తాను బయటికి ప్రాకి వచ్చి చేయి ఊపినాడు. మెట్లన్నీ దద్దరిల్లేటట్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు అక్కడి ఆచారం. నిశ్శబ్దంలో ఉన్న ఆ నిమిషంసేపు నా ముందు వరుసలోని వారిలో కెమెరా దించనివారు ఇద్దరే కనిపించారు. కారు దొర్లడం పందెంలో భాగమనీ, దానిని తీయడం తప్పు కాదనీ నా అభిప్రాయం. దొర్లి ఆగిన తరువాతది పందెం కాదు. ఆ మనిషి తల్లి మెట్లమీద ఎక్కడో కూర్చుని ఉండవచ్చును.

ఇంత శ్రమపడి స్థానిక పందేలను తీసి ఏమి చేసుకోవాలి అని అడిగేవారుంటారు. పెద్ద పందేలకు పత్రికలవారు వస్తారు, చరిత్ర వ్రాసేవారు ఉంటారు. వారం వారం జరిగే చిన్న పందేనికి ఆ యోగం లేదు. పెన్సిల్వేనియాలోని లాంగ్‌హార్న్‌లో 1926 నుంచి ఒక మైలు బాట ఉండేది. తిన్నని భాగమే లేని ఆ గుండ్రని మట్టి బాట డ్రైవర్లకు సింహస్వప్నం. 1971లో మూతపడి ఆ స్థలం అంగళ్ల పాలైనది. లాస్ ఏంజెలెస్ దగ్గరి ఆస్కాట్ పార్కు 1990లో ముగిసినది. ఫీనిక్స్ నగరంలోని మంజనీటా బాట 2009లో మూతపడినది. వాటి మీద ఏ మలుపు ఎట్లా ఉండేదో, జనం ఎక్కడ కూర్చునేవారో, గెలువని డ్రైవర్ల ముఖాలెట్టివో నేడు తెలుసుకోవలెనంటే ఆనాడు మెట్లమీదనుంచి ఎవరో తీసిన చిత్రాలే ఆధారం. నాక్స్‌విల్‌లో బాట రెండవ మలుపు చెంతనే 1992లో స్ప్రింట్ కార్ల ప్రదర్శనశాల ఒకటి తెరిచారు. పాత కార్లతోపాటు పాత ఛాయాచిత్రాలనూ అక్కడ జాగ్రత్త చేస్తున్నారు.

అందుచేత చివరగా ఒక చిన్న పని. ఇంటికి వచ్చిన రాత్రే, నిద్రపోకముందు, నిలువదగిన పది చిత్రాలను ఏరి, ఒక్కొక్కదానికి తేదీ, ఊరు, ఏ మలుపు, కారు సంఖ్య, తెలిస్తే డ్రైవరు పేరు వ్రాసిపెట్టుకోవాలి. పూర్వం అచ్చు చిత్రం వెనుక పెన్సిలుతో వ్రాసేవారు; ఇప్పుడు ఫైలు పేరులోనే వ్రాయవచ్చును. తెల్లవారితే అన్ని కార్లూ ఒకే మట్టి రంగులో ఉంటాయి, ఏది ఎవరిదో తీసినవానికే గుర్తుండదు.